ముకబ్బిర్ ఎవరి గొంతు అందుకుంటాడు? – రిపీటర్ టోన్ గురించి ఒక పాఠం



ఏటా ఈ సంచికలో మీరు స్కాలర్‌షిప్పుల లెక్క, వితంతు పింఛన్ల లెక్క, రమజాన్ రేషన్ కిట్ల లెక్క చదువుతూ వస్తున్నారు. ఈసారి లెక్కల్లో చేతి రేడియోల పద్దు ఒకటి చూసి కొందరు మమ్మల్ని అడిగారు. "అందరి చేతుల్లో సెల్‌ఫోన్లుండగా ఈ సెట్లు ఎందుకు భాయీ?" అని చాలామంది. "కొన్నారు సరే, ఆ వాన రాత్రి అవి ఎందుకు పలకలేదు?" అని ఒక్కరు. ఆ ఒక్కరూ ఆ గల్లీలో ఉండేవారే. కనుక రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్పుకోవాలి. మొదటి దానికి జవాబు అందులోనే దొరుకుతుంది.

రెండేళ్ళ క్రితం వానాకాలం. సికింద్రాబాద్‌లో సాయంత్రం మొదలైన వాన రాత్రి పదకొండు దాటాక కుండపోతగా మారింది. రసూల్‌పురాలో నాలా పక్క గల్లీల్లో నీళ్ళు గడపలెక్కాయి. కరెంటు పోయింది. కొందరి ఫోన్లలో సిగ్నల్ లేదు, కొందరి ఫోన్లలో చార్జింగ్ లేదు. మా శిక్షణ తరగతిలో చదివి, పరీక్ష రాసి, హామ్ రేడియో లైసెన్స్ తెచ్చుకున్న డిగ్రీ అమ్మాయి ఒకరు అక్కడే ఉంటుంది. మీ డబ్బుతో కొన్న సెట్టు ఆ వారమే ఆమె చేతికిచ్చాం. పక్కింట్లో ఒక నానీమాకు ఆక్సిజన్ మిషన్ మీదే ఊపిరి. కరెంటు పోగానే ఇంట్లోవాళ్ళు చిన్న సిలిండర్‌కు మార్చారు. అది ఎంతసేపు వస్తుందో వాళ్ళకు తెలుసు. అందుకే అమ్మాయి దగ్గరకు పరుగెత్తుకొచ్చారు.

ఆమె సెట్టు ఆన్ చేసింది. మా ఆఫీసు నుంచి మేము పిలుస్తున్న పిలుపు ఆమెకు శుభ్రంగా వినిపిస్తోంది. "రసూల్‌పురా, రసూల్‌పురా, ఉన్నారా బేటా?" ఆమె బటన్ నొక్కి "ఉన్నాను, బండి కావాలి" అంది. మాకు ఏమీ రాలేదు. మళ్ళీ పిలిచాం, మళ్ళీ ఆమె చెప్పింది. నలభై నిమిషాలు ఇలా సాగింది. ఆమెకు మేము వినపడుతూనే ఉన్నాం, ఆమె మాత్రం మాకు వినపడలేదు. ఆ చెవిటితనం ఎటువైపు ఉందో ఇద్దరికీ తెలియలేదు. చివరికి మేము చేసింది ఇది: రసూల్‌పురా నుంచి పిలుపు లేదు కాబట్టి అక్కడ క్షేమమే అనుకుని, ఉన్న ఒక్క బండినీ ఇంకో బస్తీకి పంపేశాం. ఆమె మౌనాన్ని మేము క్షేమంగా లెక్కేసుకున్నాం.

నానీమాను గల్లీ కుర్రాళ్ళు నవారు మంచం మీద మోకాలి లోతు నీళ్ళలో మెయిన్ రోడ్డుదాకా మోసుకెళ్ళారు. అక్కడ ఆటో దొరికింది. అల్లాహ్ దయవల్ల బతికి బయటపడ్డారు. అందులో మా రేడియోల గొప్ప ఏమీ లేదు.

మర్నాడు ఆ సెట్టు తెచ్చి చూశాం. బ్యాటరీ నిండుగా ఉంది. ఏరియల్ బిగువుగా ఉంది. ఫ్రీక్వెన్సీ సరైనదే. తప్పిందల్లా మన చెవికి అందని ఒక సన్నని స్వరం. దాన్నే టోన్ అంటారు. ఈ పాఠం ఆ టోన్ గురించి.

రిపీటర్ అంటే

చేతి సెట్టు శక్తి మహా అయితే 5 వాట్లు. మన ఇళ్ళలో రాత్రిపూట వెలిగే చిన్న బల్బంత. ఈ తరంగాలు దాదాపు కంటిచూపులాగే తిన్నగా పోతాయి. మధ్యలో మౌలాలి గుట్టో, పది అంతస్తుల అపార్ట్‌మెంటో అడ్డొస్తే ఆగిపోతాయి. సికింద్రాబాద్ గల్లీలో ఒక చేతి సెట్టు నుంచి ఇంకో చేతి సెట్టుకు రెండు మూడు కిలోమీటర్లు అందితే గొప్ప.

లౌడ్‌స్పీకర్లు లేని రోజుల్లో ఈద్‌గాహ్‌లో పెద్ద నమాజు ఎలా జరిగేదో పెద్దలకు గుర్తుంటుంది. ఇమామ్ గొంతు మొదటి వరుసలకే అందుతుంది. మధ్యలో నిలబడ్డ ముకబ్బిర్ ఆ తక్బీర్‌ను విని, తన గొంతుతో మళ్ళీ పలుకుతాడు. వెనక వరుసలవాళ్ళు అతన్ని విని రుకూలోకి వెళ్తారు. రిపీటర్ చేసేది సరిగ్గా ఆ పనే. ఎత్తైన గుట్ట మీదో, ఎత్తైన భవనం మీదో కూర్చుని, చిన్న సెట్టు పలికిన బలహీనమైన మాటను విని, అదే క్షణంలో పెద్ద గొంతుతో ఊరంతటికీ చెబుతుంది. ఒక చెవి, ఒక నోరు ఉన్న పెట్టె అనుకోండి. చెవి వినే ఫ్రీక్వెన్సీ వేరు, నోరు పలికే ఫ్రీక్వెన్సీ వేరు. రెండూ ఒకటే అయితే తన మాట తానే వింటూ కూర్చుంటుంది. 145 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో నడిచే హామ్ రిపీటర్లలో ఈ రెండింటి మధ్య దూరం మామూలుగా 600 కిలోహెర్ట్జ్. ఎత్తు మీద మంచి రిపీటర్ ఉంటే గల్లీలోని చేతి సెట్టు మాట నగరం ఆ చివరిదాకా వెళ్తుంది.

ఆ రాత్రి అమ్మాయికి మేము వినపడటానికి కారణం రిపీటర్ నోరు బాగానే ఉండటం. మాకు ఆమె వినపడకపోవడానికి కారణం రిపీటర్ చెవి ఆమెను లెక్కలోకి తీసుకోకపోవడం.

చెవికి కాపలా ఎందుకు

ముకబ్బిర్‌కు వివేకం ఉంటుంది. ఈద్‌గాహ్ గేటు దగ్గర అత్తరు అమ్మేవాడు అరిస్తే దాన్ని అందుకుని పలకడు. యంత్రానికి ఆ వివేకం లేదు. తన చెవి ఫ్రీక్వెన్సీలో ఏ అలికిడి వచ్చినా నోరు తెరుస్తుంది. నగరంలో అలికిడికి కొదవా? ఒకే టవర్ మీద పది రకాల ట్రాన్స్‌మిటర్లుంటే వాటి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి లేని సిగ్నళ్ళను పుట్టిస్తాయి. నాసిరకం ఎల్‌ఈడీ బల్బు, ఇన్వర్టర్, చెడిపోయిన కేబుల్ టీవీ తీగ, ఇవన్నీ గుసగుసలాడుతూనే ఉంటాయి. కొన్ని తెల్లవారుజాముల్లో గాలి పొరలు అమరిన తీరును బట్టి వందల కిలోమీటర్ల అవతలి ఊళ్ళ మాటలు కూడా ఇక్కడికి జారి వస్తాయి. అదే ఫ్రీక్వెన్సీలో అక్కడ ఎవరైనా మాట్లాడితే మన రిపీటర్ ఇక్కడ నోరు తెరిచి నగరమంతా బురబురమంటుంది.

దీనివల్ల చెవులకు విసుగే కదా, పోనీలే అనుకోవచ్చు. కరెంటు పోయిన రాత్రి అది విసుగుతో ఆగదు. అప్పుడు రిపీటర్ బ్యాటరీ మీద నడుస్తుంది. వినడానికి ఖర్చయ్యే కరెంటు కొద్దిగా, పలకడానికి ఖర్చయ్యేది చాలా ఎక్కువ. ఉత్త బురబురకే నోరు తెరుస్తూ పోతే, తెల్లవారేలోగా ఎవరికో నిజంగా అవసరం పడే సమయానికి బ్యాటరీ ఖాళీ. టోన్ పెట్టేది ఇందుకు. ఇది తాళం కాదు, పొదుపు.

వినపడని స్వరం

మనిషి మాటను మోయడానికి ఈ సెట్లు సుమారు 300 నుంచి 3000 హెర్ట్జ్ వరకు స్వరాలను పంపిస్తాయి. 300కు కింద జాగా ఖాళీ. ఆ ఖాళీలో, 67.0 నుంచి 254.1 హెర్ట్జ్ దాకా, ఒప్పుకున్న మెట్లు కొన్ని ఉన్నాయి: 67.0, 71.9, 74.4, 77.0, 79.7, 82.5, 85.4, 88.5 అంటూ పైకి పోతాయి. మీరు మాట్లాడేందుకు బటన్ నొక్కిన క్షణం నుంచి వదిలే క్షణం దాకా, మీ మాట కింద సెట్టు ఆ మెట్లలో ఒకదాన్ని సన్నగా మోగిస్తూనే ఉంటుంది. సెట్లలోని వడపోత దాన్ని స్పీకర్‌దాకా రానివ్వదు కాబట్టి ఎవరికీ వినపడదు. రిపీటర్ మాత్రం దాని కోసమే చెవి ఒగ్గి ఉంటుంది. తనకు చెప్పిన మెట్టు మోగితేనే నోరు తెరుస్తుంది. హామ్‌లు దీన్ని సిటిసిఎస్ఎస్ అంటారు. పేరు కష్టం, పని సులువు.

మెట్టు మెట్టుకూ తేడా మూడు నాలుగు శాతమే. 85.4కు బదులు 88.5 పెడితే మనిషి చెవి తేడా చెప్పలేదు. రిపీటర్ చెప్తుంది, చెప్పి ఊరుకుంటుంది. "నీ టోన్ తప్పు" అని ఎదురు మాట ఏదీ రాదు. ఈ విద్యలో ఉన్న చిక్కంతా ఇక్కడే అని మా అభిప్రాయం. తప్పు నంబరుకు ఫోన్ చేస్తే కనీసం ఎవరో ఒకరు విసుక్కుంటారు.

ఒక పిట్టకథ. ఐరోపాలో చాలా రిపీటర్లు ఒకప్పుడు ఈ దిగువ స్వరాలు కాక, మొదట్లో ఒక్కసారి 1750 హెర్ట్జ్ ఈల వేస్తే తెరుచుకునేవి. ఆ సదుపాయం లేని సెట్లవాళ్ళు నోటితో ఈల వేసి తెరిచేవారు. మన 88.5ను ఏ గొంతూ అలా పలికించలేదు. మీట సరిగ్గా పెట్టుకోవాల్సిందే.

మన దేశంలో ఇంకో సంగతి గమనించాలి. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్. దాని నుంచి పుట్టే గుర్రుమనే చప్పుడు 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మెట్లలో 100.0 కూడా ఒకటి. నాసిరకం చార్జర్ మీద నడిచే సెట్టు గుర్రుమన్నా ఆ మెట్టుగా పొరబడే వీలుంది. కాబట్టి ఎంచుకునే అవకాశం ఉన్నప్పుడు దాన్ని వదిలేయడం మేలు.

ఆ సెట్టులో జరిగింది

వానకు మూడు వారాల ముందు, మేము వాడుకునే రిపీటర్‌ను చూసుకునేవారు అలికిడి ఎక్కువైందని టోన్ మార్చారు. రోజూ సాయంత్రం హామ్‌లు రేడియోలో కలుసుకునే వేళలో ఆ విషయం చెప్పారు కూడా. వాళ్ళ వైపు లోపమేమీ లేదు. మేము అప్పటికి వాడుకలో ఉన్న సెట్లన్నీ మార్చుకున్నాం. బీరువాలో పెట్టెలతో సహా ఉన్న నాలుగు సెట్లను మాత్రం మరిచిపోయాం. కొత్తవి కదా, వాటికేం అనుకున్నాం. అందులో ఒకటి ఆ అమ్మాయి చేతికెళ్ళింది.

పాత టోన్‌కూ కొత్త టోన్‌కూ తేడా రెండు మెట్లు.

దాతలారా, ఈ మాట రాయడానికి మాకు మొహమాటంగానే ఉంది. సెట్టు కొన్న రోజున మేము మీకు ఫోటో పంపాం, రసీదు ఇచ్చాం. ఆ ఫోటోలోని సెట్టే ఆ రాత్రి మూగబోయింది. వస్తువు కొని అందజేయడం వరకే సాయం అనుకున్నాం. దాన్ని నెలనెలా ఎవరో ఒకరు తీసి, నొక్కి, మాట్లాడి చూడాలన్న ఖర్చు, అంటే మనిషి ఖర్చు, మా లెక్కలో లేదు. ఈ ఏడాది పద్దులో "రేడియో శిక్షణ, తనిఖీ" అని మీకు కనిపించేది అదే.

మా వాళ్ళకే తెలిసిన టోన్ పెట్టుకుంటే?

ఈ ప్రశ్న మా కమిటీలోనే ఒకరు వేశారు. "మనకు మాత్రమే తెలిసిన టోన్ ఉంటే బయటివాళ్ళు వినరు, దూరరు కదా." అమెరికాలో మోటరోలా కంపెనీ ఈ పద్ధతికి పెట్టుకున్న వ్యాపార పేరు ప్రైవేట్ లైన్. ఆ పేరే చాలామందిని దారి తప్పించింది. టోన్‌లో రహస్యం ఏమీ లేదు. రిపీటర్ పలికే మాట ఆ ఫ్రీక్వెన్సీ పెట్టుకున్న ప్రతివాడికీ వినపడుతుంది. ఏ టోన్ వాడుతున్నారో వెతికి పట్టుకునే మీట చాలా సెట్లలోనే ఉంటుంది, అర నిమిషం పని. కనుక రేడియోలో ఎవరి జబ్బు పేరూ, ఎవరి ఇంటి కష్టమూ పేరు పెట్టి చెప్పకూడదని మా వాలంటీర్లకు గట్టిగా చెప్పాం. "ఆక్సిజన్ అవసరం, ఒక వృద్ధురాలు, రెండో గల్లీ మొదలు" అంటే చాలు. ఆమె పేరు, ఆమె కొడుకు పేరు ఊరంతా వినక్కర్లేదు.

పైగా హామ్ రేడియో రహస్యాల కోసం పుట్టింది కాదు. ప్రభుత్వం దాన్ని వ్యాపారానికి వాడొద్దంటుంది, సంకేత భాషలో దాచొద్దంటుంది. 1978 నాటి నిబంధనల నుంచీ హామ్‌లకు ఇవి బాగా తెలిసిన హద్దులు. లైసెన్స్ లేనివారు బటన్ నొక్కకూడదు. వినొచ్చు, పలకకూడదు. మా సెట్లు లైసెన్స్ పొందినవారి చేతికే ఇస్తున్నాం. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ అయితే విద్యార్థులు కొద్ది నెలల్లో నేర్చుకోగలరు. జనరల్ గ్రేడ్‌కు మోర్స్ కూడా రావాలి.

ఈ విద్యకు మన నగరం కొత్తది కాదు. 1930లలో చిరాగ్ అలీ గల్లీ నుంచి మహబూబ్ అలీ సొంతంగా మొదలుపెట్టిన ప్రసారమే తర్వాత నిజాం ప్రభుత్వం చేతికి వెళ్ళి దక్కన్ రేడియో అయింది. అది ప్రసారం, హామ్ రేడియో వేరు. కానీ సంస్కారం ఒకటే. హామ్‌ల విషయానికొస్తే, 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఇక్కడి సోమాజిగూడలోనే రాజ్‌భవన్ రోడ్డులో ఉంది. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో అండమాన్‌లో ఉంది. ప్రపంచమంతటి హామ్‌లతో మాట్లాడాలన్న సరదా యాత్ర అది. డిసెంబరు 26న సునామీ వచ్చింది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి వాళ్ళు సరదా మాటలు ఆపి, క్షేమ సమాచారాలు చేరవేయడానికి కూర్చున్నారు. ఇళ్ళకు దూరమైనవాళ్ళ మాట దేశానికి చేర్చారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు కూడా హైదరాబాద్ హామ్‌లు వెళ్ళి పని చేశారు. "సెల్‌ఫోన్లుండగా ఎందుకు" అన్నవారికి ఇంతకంటే మా దగ్గర జవాబు లేదు. ఫోన్ వ్యవస్థే మునిగినప్పుడు దానితో ముడిపడనిది ఒకటి ఉండాలి.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. అండమాన్‌లో వాళ్ళు దూరాలకు వాడింది ఆకాశపు పొరలకు తగిలి తిరిగొచ్చే షార్ట్‌వేవ్. దానికి రిపీటర్ అక్కర్లేదు, టోనూ అక్కర్లేదు. గల్లీ నుంచి ఆసుపత్రికి, బస్తీ నుంచి ఆఫీసుకు మాట చేరాలంటే మాత్రం రిపీటర్ కావాలి. అందుకే ఆ గొప్ప కథలు విని ఉత్సాహపడి వచ్చిన మా పిల్లలకు మేము ముందుగా నేర్పాల్సింది ఈ చిన్న మీట.

రియాద్‌లో తయారైన ముకబ్బిర్

తరగతిలో టోన్ పాఠానికి పిల్లలు ఆవలిస్తుంటే మేము ఉపగ్రహం కథ ఎత్తుకుంటాం. సౌదీ అరేబియాలోని రియాద్ శాస్త్రవేత్తలు తయారుచేసిన సౌదీశాట్-1సి ని 2002 డిసెంబరు 20న బైకనూర్ నుంచి రాకెట్ మీద పంపారు. హామ్‌లు దాన్ని ఎస్ఓ-50 అని పిలుస్తారు. అది కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే రిపీటర్. కింద నుంచి 145.850 మెగాహెర్ట్జ్ మీద పలికితే, 436.795 మీద పైనుంచి తిరిగి చెబుతుంది. రెండు దశాబ్దాల పాటు అది మన నెత్తి మీదుగా కూడా వెళ్తూ, ప్రతిసారీ పది పన్నెండు నిమిషాల చొప్పున హామ్‌ల మాటలు మోసింది.

దానికి రెండు టోన్లు. ముందు రెండు సెకన్లపాటు 74.4 హెర్ట్జ్ పంపితే అది పది నిమిషాలు మేలుకుంటుంది. ఆ తర్వాత మాట్లాడే ప్రతివారూ 67.0 హెర్ట్జ్‌తో మాట్లాడాలి. ఎందుకింత పట్టు? అక్కడ సూర్యరశ్మి నుంచి వచ్చే కరెంటు తప్ప ఇంకేమీ లేదు. ఎడారుల మీదా, సముద్రాల మీదా ఎవరూ లేని చోట కూడా నోరు తెరుస్తూ పోతే బ్యాటరీ ఎంతకాలం ఉంటుంది? అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2020లో మొదలైన రిపీటర్‌కు కూడా 67.0 హెర్ట్జ్ టోనే. మన దేశం 2005 మే 5న శ్రీహరికోట నుంచి పంపిన హామ్‌శాట్ వేరే రకం. అందులో టోన్ అవసరం లేకుండా ఒకేసారి పలువురు మాట్లాడుకునే ఏర్పాటు ఉండేది. రియాద్ పేరు వినగానే గల్ఫ్‌లో తండ్రులు, అన్నలు ఉన్న పిల్లల కళ్ళు పెద్దవవుతాయి. పాఠం ఆ రోజుకి గట్టెక్కుతుంది.

చేతిలో సెట్టున్నవారికి

ఈ కొద్ది మాటలు వాలంటీర్ల కోసం. దాతలు చదివినా మంచిదే, మమ్మల్ని నిలదీయడానికి పనికొస్తుంది.

టోన్ సెట్టింగులు రెండుంటాయి. ఒకటి మీరు పంపే టోన్. రెండోది మీకు వచ్చే మాటలో ఫలానా టోన్ ఉంటేనే స్పీకర్ తెరువు అని సెట్టుకు చెప్పడం. బావోఫెంగ్ యువి-5ఆర్ లాంటి సెట్లలో మొదటిది 13వ మెనూ, టి-సిటిసిఎస్ అని ఉంటుంది. రెండోది 11వ మెనూ, ఆర్-సిటిసిఎస్. రిపీటర్‌కు కావలసింది మొదటిది. రెండోది ఆపేసి ఉంచండి. మా కుర్రాడొకడు జాగ్రత్త ఎక్కువై రెండూ పెట్టాడు. రిపీటర్ తిరిగి టోన్ పంపదు కాబట్టి అతని సెట్టు పూర్తిగా మూగబోయింది. ఒక పూటంతా "ఈ రోజు ఎవరూ మాట్లాడటం లేదు, ప్రశాంతంగా ఉంది" అనుకుంటూ తిరిగాడు.

బటన్ నొక్కగానే మాట్లాడకండి. 67 హెర్ట్జ్ స్వరం ఒక్క చుట్టు తిరగడానికే దాదాపు 15 మిల్లీసెకన్లు పడుతుంది. అలాంటివి కొన్ని చుట్లు విన్నాకే రిపీటర్ గుర్తుపడుతుంది, ఆపైన నోరు తెరుస్తుంది. ఎదుటివారి ఇంట్లోకి అడుగుపెట్టే ముందు గుమ్మంలో ఆగి సలాం చెప్పి, జవాబు కోసం ఒక్క క్షణం నిలబడతాం కదా, అంత వ్యవధి ఇవ్వండి. ఇవ్వకపోతే పోయేది మొదటి మాట. మన తెలుగులో మొదటి మాట సాధారణంగా ఊరి పేరో మనిషి పేరో అవుతుంది. "చిలకలగూడలో నీళ్ళు పెరుగుతున్నాయి" అన్నది "నీళ్ళు పెరుగుతున్నాయి" అయి చేరుతుంది. ఎక్కడో తెలియదు. అలాగే మాట పూర్తికాకుండా బటన్ వదలకండి. మన భాషలో లేదు, వద్దు, కాదు అన్నీ చివర వస్తాయి. "అంబులెన్స్ అవసరం లేదు" తోక తెగితే "అంబులెన్స్ అవసరం" అవుతుంది. ఉర్దూలో మాట్లాడినా ఇంచుమించు ఇదే చిక్కు.

బటన్ వదిలాక చెవి పెట్టి వినండి. రిపీటర్ మిమ్మల్ని అందుకుని ఉంటే, మీరు ఆపిన తర్వాత కూడా అర క్షణమో ఒక క్షణమో నోరు తెరిచే ఉంటుంది. ఒక చిన్న సుయ్‌మనే శబ్దం, కొన్నిచోట్ల ఒక బీప్, తర్వాత టక్‌మని ఆగడం. అది వినపడితే మీ మాట వెళ్ళింది. బటన్ వదలగానే మౌనమే ఉంటే మీరు తలుపు బయటే ఉన్నారు. ఆ అమ్మాయికి మేము ఈ ఒక్క ముక్క నేర్పి ఉంటే, మొదటి నిమిషంలోనే ఆమెకు తెలిసేది. నలభై నిమిషాలు ఆమె మా జవాబు కోసం చూసింది, వినాల్సింది ఆ సుయ్‌మనే శబ్దం కోసం అని ఎవరూ చెప్పలేదు.

మూడుసార్లు పిలిచినా ఆ శబ్దం రాకపోతే రిపీటర్‌ను వదిలేయండి. సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడే ఫ్రీక్వెన్సీ ఒకటి మనం ముందే అనుకుని ఉన్నాం. దానికి మారండి. అందుతుందో లేదో తర్వాత, ప్రయత్నించాలి. ఇటు మా ఆఫీసులో కూడా ఇప్పుడు రెండో సెట్టు ఒకటి పెట్టాం. అది రిపీటర్ చెవి ఉన్న ఫ్రీక్వెన్సీనే, ఏ టోనూ అడగకుండా, నేరుగా వింటూ ఉంటుంది. రసూల్‌పురా మా మేడ మీది ఏరియల్‌కు దూరమేమీ కాదు. ఆ రాత్రి ఇలాంటి సెట్టు ఒకటి ఉండి ఉంటే, రిపీటర్ అందుకోకపోయినా ఆమె గొంతు సన్నగానైనా మా చెవిన పడేదని తర్వాత ప్రయత్నించి చూసుకున్నాం. పడింది.

ఇప్పుడు చేస్తున్నది

ప్రతి నెలా మొదటి ఆదివారం అసర్ తర్వాత సెట్లన్నీ, బీరువాలో ఉన్నవి సహా, బయటికి తీస్తాం. ఒక్కో సెట్టుతో లైసెన్స్ ఉన్నవారు రిపీటర్‌ను తెరిచి, తమ కాల్‌సైన్ చెప్పి, అవతలివారి జవాబు విని, రిజిస్టర్‌లో సంతకం పెడతారు. సెట్టు వెనక అంటించిన చీటీ మీద ఆ నెల టోన్, తనిఖీ తేదీ ఉంటాయి. చీటీ మీద తేదీ పాతదైతే ఆ సెట్టు ఎవరికీ ఇవ్వం. దాతలు ఎవరైనా, ఏ నెలైనా వచ్చి, తమ పేరున కొన్న సెట్టు అడిగి, ఆ చీటీ చూడవచ్చు. లైసెన్స్ లేదు కాబట్టి బటన్ నొక్కనివ్వం, పక్కన కూర్చుని వినవచ్చు. చాయ్ మాది.

బండి పంపే నియమం కూడా మార్చాం. ఏదైనా బస్తీ మూడు పిలుపులకు పలకకపోతే అక్కడ క్షేమం అనుకోవడం మానేశాం. పలకని చోటికే ముందు ఒక మనిషి సైకిల్ మీదైనా వెళ్ళి చూసి వస్తాడు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఆదివారం తనిఖీ రిజిస్టర్ చూసుకుంటోంది. మాకంటే కఠినంగా ఉంటుంది. పోయిన నెల ఒక సెట్టు తెరుచుకోలేదు. టోన్ సరిగ్గానే ఉంది, బ్యాటరీ ఉబ్బింది. పక్కన పెట్టించి, చీటీ చింపేసి, కొత్త బ్యాటరీ వచ్చేదాకా ఆ నంబరు ఎదురుగా ఎర్ర సిరాతో గీత గీసింది.